ఉదయగిరి కట్టె, ఆత్మకూరు నూలు

నెల్లూరు జిల్లా పడమటి వైపు వెళ్ళేవాళ్ళు ఉదయగిరి దుర్గం ఎక్కడానికి వెళతారు, అనుమసముద్రంపేట దర్గాలో మొక్కు తీర్చుకోవడానికి వెళతారు, లేదా సోమశిల డ్యామ్ చూడటానికి వెళతారు. నేను వీటిలో ఏ పని మీదా వెళ్ళలేదు. పదకొండేళ్ళ కిందట ఒక మనిషి నన్ను అన్న మాట తప్పని చూపించడానికి వెళ్ళాను. ఆరు రోజులు తిరిగాను. దుర్గం ఎక్కలేదు, డ్యామ్ చూడలేదు. అయినా ఆ దారిలో చూసినవి చాలా ఉన్నాయి కాబట్టి, అటు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను స్పిన్నింగ్ మిల్లు ఫిట్టర్ని. చిలకలూరిపేట చుట్టుపక్కల మిల్లుల్లో ముప్పై ఏళ్ళు రింగ్ ఫ్రేముల మీద పనిచేశాను. రింగ్ ఫ్రేము అంటే దూది పోగుని మెలిపెట్టి, నూలు చేసి, బాబిన్ మీద చుట్టే పొడవాటి యంత్రం. వరసగా వందల కదుర్లు ఉంటాయి. ప్రతి కదురు నెత్తి మీదా ఒక చిన్న ఇనుప కొక్కెం ఉంటుంది. దాన్ని లాపెట్ అంటాం. పైనుంచి దిగే పోగు ఆ కొక్కెంలోంచి వచ్చి, కదురు తిరిగే వేగానికి గాలిలో బుడగలా ఉబ్బుతుంది. కొక్కెం సరిగ్గా కదురు నడినెత్తిన ఉంటే ఆ బుడగ గుండ్రంగా, కదలనట్టు కనిపిస్తుంది. వెంట్రుక వాసి పక్కకి జరిగిందా, బుడగ ఊగుతుంది, పక్కనున్న అడ్డురేకుకి రాసుకుంటుంది, నూలు మీద నూగు లేస్తుంది, చివరికి నూలు తెగుతుంది.

పదకొండేళ్ళ కిందట మా మిల్లులో నూలు తెగి తెగి చస్తుంటే నేను ఈ మాటే చెప్పాను. స్పిన్నింగ్ మేనేజర్ మాధవరావు షిఫ్టంతా వింటుండగా, "నూలు సంగతి మేం చూసుకుంటాం. నువ్వు నూనె సంగతి చూడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు పేర్లతో సహా గుర్తుంది. ఆ తర్వాత నా ఇత్తడి గేజి వల్ల కదుర్ల కొసలు గీరుకుపోయాయని నాకు మెమో కూడా ఇచ్చాడు. గేజి అంటే కదురు కొసన టోపీలా పెట్టే చిన్న సాధనం. దాని మీద నిలబడ్డ పుల్ల కొక్కెం ఎక్కడ ఉండాలో చూపిస్తుంది.

ఇప్పుడు ఆ మాధవరావు ఆత్మకూరు దగ్గర ఎనిమిది ఫ్రేముల చిన్న మిల్లులో మేనేజరు. ఆ మిల్లు యజమాని శెట్టిగారు ఆయనకి చెప్పకుండా నాకు ఫోన్ చేశారు. నాలుగో ఫ్రేము నూలు నిలబడటం లేదనీ, ఆ ఫ్రేముని పాత ఇనుముకి బేరం పెట్టామనీ, సోమవారం లారీ వస్తుందనీ, ఈలోగా నా చేతనైతే చూడమనీ చెప్పారు. వస్తానన్నాను.

కొండాపురం

బుధవారం కావలిలో బస్సు మారాను. కండక్టర్ నా పనిముట్ల పెట్టెకి వేరే టికెట్ కొట్టాడు. నా పక్కన కూర్చున్నాయన రెండు మేకపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటే వాటికి మాత్రం కొట్టలేదు. అడిగితే, "మేకపిల్ల మనిషి ఒళ్ళో ఉండాది. నీ పెట్టె ఉండాదా?" అన్నాడు. ఆ టికెట్ ఇప్పటికీ నా దగ్గరుంది.

కొండాపురంలో బస్సు ఆగితే కారం దోశ తిన్నాను. మా వైపు దోశ మీద కారప్పొడి చల్లుతారు. ఇక్కడ ఎర్రమిరపకాయలూ ఉల్లిపాయలూ నూరిన ముద్దని దోశ వేడి మీదుండగానే పూస్తారు. మాదానికంటే బాగుందని ఒప్పుకుంటాను. చట్నీ మాత్రం ఒక్కసారే వేశారు. ఇంకొంచెం అడిగాను.

"కారం పూసినాం గదా సార్, ఇంక చట్నీ ఏంటికి?" అన్నాడు హోటలాయన.

"కారం కారమే, చట్నీ చట్నీయే."

"ఏ ఊరు మీది?"

"చిలకలూరిపేట."

"గుంటూరోళ్ళు కారానికి జంకరని ఇన్నాను. చట్నీ కలుపుకొని చల్లార్చుకునేది మిమ్మల్నే చూసినాను" అని చట్నీ గిన్నె తీసుకుని లోపలికి పోయాడు. దోశ నలభై రూపాయలు. చట్నీ లేని దోశకి అది ఎక్కువ.

ఉదయగిరి

ఉదయగిరిలో దిగేసరికి కొండ సగం నీడలో ఉంది. ఊరి వెనకే గోడలా నిలబడి ఉంటుంది. ఊళ్ళో వాళ్ళెవరూ దాని వైపు తలెత్తి చూడరు. మా కోటప్పకొండకి మేము అలా వీపు తిప్పి కూర్చోలేం.

ఈ ఊరికి నేను వచ్చింది కట్టె కోసం. ఇక్కడ కొన్ని ముస్లిం కుటుంబాలు తరతరాలుగా కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతాయి. గుంటూరు ఎగ్జిబిషన్‌లో ఒక కొయ్య ఫోర్క్ చూశాను. దాని పళ్ళు అగ్గిపుల్లకంటే సన్నంగా, నాలుగూ ఒక్క తీరుగా ఉన్నాయి. అది చెక్కిన చెయ్యి నా గేజి పుల్ల చెక్కగలదని అప్పుడే అనుకున్నాను. కొయ్య గేజి కదురు కొసని గీరదు. ఇక మెమో ఇవ్వడానికి మాధవరావుకి ఏమీ మిగలదు.

గురువారం పొద్దున్నే వాకబు చేసుకుంటూ జైనబ్బీ ఇంటికి చేరాను. యాభై దాటిన మనిషి. వసారాలో కూర్చుని, ఒక కాలి బొటనవేలితో చెంచా కాడని తొక్కిపట్టి ఆకురాయితో రుద్దుతోంది. నేను తెచ్చిన పాత ఇత్తడి గేజి చేతికిస్తే తిప్పి తిప్పి చూసింది.

"దీంతో ఏం తింటారు అన్నా?"

"తినరమ్మా. నూలు మిల్లుకి."

"కలివి కట్టెతో చెయ్యచ్చు. పుల్ల సన్నంగా ఉండాది గాబట్టి వారం పడతాది."

"ఇవాళ కావాలి."

ఆమె చేతిలో ఆకురాయి ఆగింది. "ఇప్పుడు నా కాడ ఉండేది పచ్చి కట్టె. మేము సగం చెక్కి ఇసకలో పూడ్చి పెడతాం. వంగే కట్టె ఆ ఇసకలోనే వంగుద్ది. తర్వాత తీసి, వంపు చూసుకుని మళ్ళీ చెక్కుతాం. అట్టా చెయ్యకపోతే చెంచా అయితే ఫర్వాలా. ఎట్ట వంగినా నోట్లోకి పోతాది. నీది సూది మాదిరి ఉండాది."

"రెండు రోజుల పనికి ఏమీ వంగదమ్మా. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. నువ్వు చెక్కు, మిగతాది నేను చూసుకుంటా."

ఆమె ఆకురాయి పక్కన పెట్టి పచ్చి కట్టె ముక్క అందుకుంది. మధ్యాహ్నానికి రెండు గేజీలు చెక్కి ఇచ్చింది. ఒకదాన్ని నా ఇత్తడి గేజి పక్కన పెట్టి చూశాను. పుల్ల తూకపు గుండు పట్టినట్టు నిటారుగా ఉంది. సంతోషంగా బస్సెక్కాను.

అనుమసముద్రంపేట

ఆత్మకూరు వెళ్ళే దారిలో ఇక్కడ బస్సు టైరు పంచరైంది. గురువారం కావడంతో దర్గా వీధి నిండా జనం. హిందువులూ ముస్లింలూ ఒకే కొట్లో సమాధి మీద కప్పే పూల చాదర్లు కొంటున్నారు. మా ఊళ్ళో ఎవరి కొట్టు వాళ్ళకి ఉంటుంది. చేతికి కట్టుకునే దారాలు అమ్మే కొట్టు దగ్గర ఆగి, అలవాటు కొద్దీ ఒక దారం మెలి విప్పి వెలుతురుకి పెట్టి చూశాను.

"ఏంది సార్, దేవుడి దారాన్ని పరీక్ష చేస్తా ఉండావు?" అన్నాడు కొట్టాయన.

"నూగు ఎక్కువుంది. మెలి చాల్లేదు."

"మొక్కు తీరిందాకా ఉంటే చాలు సార్. నీకు తీరాల్సింది ఏమన్నా ఉండాదా?"

ఉంది. మెలి విప్పినందుకు ఆ దారం నేనే కొనుక్కోవాల్సి వచ్చింది.

ఆత్మకూరు

సాయంత్రం మిల్లుకి చేరి, పనిముట్ల పెట్టెని ఫ్రేముల షెడ్డులోనే పెట్టించాను. స్పిన్నింగ్ షెడ్డులో గాలిని ఎప్పుడూ చెమ్మగా ఉంచుతారు. ఎండితే దూది చెదిరిపోతుంది. ఆ చెమ్మలో నిలబడితే సగం ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం పొద్దున మాధవరావు ఎదురొచ్చాడు. కళ్ళజోడు వచ్చింది, జుట్టు పోయింది. మిగతాదంతా అలాగే ఉంది.

"ఏం నరసింహం, ఇంకా బతికే ఉన్నావా? ఈసారి నా కదుర్లు దేంతో గీరతావు?"

కొయ్య గేజి చూపించాను. చేతిలోకి తీసుకోకుండానే చూశాడు. "సాంబారుకి బాగుంటుంది" అన్నాడు.

నాలుగో ఫ్రేము చూసే మనిషి రూతమ్మ. తెగిన పోగుల్ని అతకడం ఆమె పని. పన్నెండేళ్ళుగా అదే ఫ్రేము. వాళ్ళది సోమశిల వైపు ఊరు. "డ్యాం నీళ్ళు వచ్చినాక ఇటు వచ్చినాం" అంది, బస్సు మారినంత తేలిగ్గా. ఆ ఫ్రేము పోతే తనకీ ఇంకో ఇద్దరికీ పని లేదని శెట్టిగారు ముందే చెప్పేశారట. వేరే ఫ్రేము మీద ఖాళీ లేదు.

తెగిన ప్రతిసారీ ఊడొచ్చే దూది పింజని ఆమె నడుముకున్న సంచిలో వేస్తుంది. గంట గంటకీ సంచిని అరచేత్తో ఎత్తి చూసుకుంటుంది. ఎన్ని తెగాయో మాధవరావు లెక్క రాసే కాగితం చెప్పేలోగా ఆమె అరచెయ్యి చెప్పేస్తుంది.

ఫ్రేము ఆపించి, మధ్యాహ్నం దాకా ఒక పక్క కొక్కేలన్నీ కొయ్య గేజితో సరిచేశాను. ప్రతి కదురు మీదా గేజిని ఒకే తీరుగా పెట్టడం, స్క్రూ వదులు చెయ్యడం, పుల్ల కొస దగ్గరికి కొక్కేన్ని జరపడం, బిగించడం. పని శుభ్రంగా జరిగింది. రెండు గంటలకి ఫ్రేము వేయించాను.

అరగంటలో రూతమ్మ పరుగులు పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి అతికేలోగా రెండు తెగుతున్నాయి. గంటకల్లా సంచి ఎత్తి చూసి, నా వైపు చూడకుండా అంది: "నిన్నటి మీద ఎక్కువుండాది అన్నా."

మాధవరావు వరసంతా నడిచాడు. వెనక్కి వచ్చి, "సోమవారం దాకా ఎందుకు, లారీని రేపే రమ్మనమని శెట్టిగారికి చెప్తాను" అన్నాడు.

నేను ఫ్రేముదే తప్పన్నాను. కదుర్లు వంగి ఉంటాయన్నాను. దూది మంచిది కాదన్నాను. రూతమ్మ అన్నీ విని, వరస చివరికి నన్ను తీసుకెళ్ళి వంగి చూడమంది.

"ఇంతకముందు ఒక బుడగ ఇటు ఊగేది, ఒకటి అటు ఊగేది. ఇప్పుడు అన్నీ ఒకే పక్కకి ఊగతా ఉండాయి. చర్చిలో పాటకి ఊగినట్టు."

నిజమే. ఆ చివర నుంచి ఈ చివర దాకా ప్రతి బుడగా ఎడమకే ఒరిగి తిరుగుతోంది. అంటే తప్పు కదుర్లలో లేదు, దూదిలో లేదు. అన్నిటినీ తాకినది ఒక్కటే. గేజిని ఖాళీ కదురు మీద పెట్టి చేత్తో తిప్పాను. పుల్ల కొస ఒకచోట నిలబడాల్సింది పోయి చిన్న సున్నా చుట్టింది. రెండో గేజిదీ అదే కథ. రాత్రంతా షెడ్డులో చెమ్మ తాగి, పచ్చి కట్టె వంగింది. పొద్దున మొదలుపెట్టే ముందు ఒక్కసారి తిప్పి చూసుకోవడం ఏ ఫిట్టరైనా చేసే పని. నేను చెయ్యలేదు.

శెట్టిగారిని కలిసి, లారీ సోమవారమే రావాలని పట్టుబట్టాను. ఆదివారం మిల్లుకి సెలవు, నాకు ఆ రోజు కావాలన్నాను. ఆయన పక్కనున్న మాధవరావు వైపు చూశారు. "సోమవారం అన్నాం గదా, సోమవారమే" అన్నారు.

మళ్ళీ ఉదయగిరి

శనివారం మొదటి బస్సుకి ఉదయగిరి వెళ్ళాను. జైనబ్బీ వంగిన గేజిని అందుకుని, ఒక కన్ను మూసి చూసి, పక్కన పెట్టింది.

"చెప్పినాను గదా."

"చెప్పావమ్మా. వినలేదు."

"వినకపోయినందుకు నాకేం బాధ లేదన్నా. మా ఆయనా వినడు, నా కొడుకూ వినడు. నువ్వు చెక్కు, మిగతాది నేను చూసుకుంటా అన్నావు చూడు. ఆ మాట నిన్నంతా నా చెవిలో ఉండాది. నలభై ఏండ్లుగా ఈ కట్టె మీద చెయ్యి పెట్టినదాన్ని."

ఎవరెవరు నన్నేమన్నారో తారీఖుల వారీగా గుర్తుపెట్టుకున్నవాణ్ణి. నేను ఎవర్నేమన్నానో మాత్రం ఇన్నేళ్ళలో ఎన్నడూ లెక్క చూసుకోలేదు. తప్పైపోయిందన్నాను. ఈ మాట నేను వాడి చాలా కాలమైంది, సరిగా పలకలేదేమో కూడా.

ఆమె లేచి లోపలికి వెళ్ళి పొడవాటి గరిటె ఒకటి తెచ్చింది. నున్నగా, తేనె రంగులో ఉంది. మూడు వానాకాలాలు చూసిన కట్టె అనీ, అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకున్న గరిటె అనీ చెప్పింది. నేను వద్దనేలోగా దాని కాడ రంపంతో కోసేసింది.

"కూచో అన్నా. ఈసారి నేను లెయ్యమన్నప్పుడు లెయ్యి."

మూడు గంటలు కూర్చున్నాను. చెక్కడం అయ్యాక పుల్లనీ, కదురు కొసన కూర్చునే గుంటనీ వేడి ఆముదంతో తడిపి, గుడ్డతో రుద్ది, మళ్ళీ తడిపింది. నూనె తాగిన కట్టె ఇక నీళ్ళు తాగదట. ఆ తర్వాత తడి గోనెసంచి తెచ్చి గేజిని అందులో చుట్టింది.

"ఇది ఎందుకు?"

"మీ మిల్లులో చెమ్మ అన్నావు గదా. అన్నం తిని రా. వంగేదుంటే ఈడే వంగుద్ది."

భోజనం చేసి వచ్చి గోనె విప్పి, వెంట తెచ్చుకున్న పాత కదురు మీద పెట్టి తిప్పాను. కొస కదల్లేదు. ఆమె కూడా తిప్పి చూసింది. ఇంకోసారి తిప్పింది. "ఇప్పుడు లేసి పో" అంది.

బేరం ఆడలేదు. నన్ను ఎరిగినవాళ్ళకి అది ఎంత పెద్ద సంగతో తెలుసు.

నాలుగో ఫ్రేము

ఆదివారం పొద్దున్నే షెడ్డులో నేనొక్కణ్ణే మొదలుపెట్టాను. పది దాటాక రూతమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చింది. తెల్లచీర కొంగు నడుముకి చుట్టి, నాకంటే ఒక కదురు ముందు నడుస్తూ ప్రతి కొక్కేన్నీ గుడ్డతో తుడిచింది. ఆమె తుడవడం, నేను గేజి తిప్పి చూసుకుని పెట్టడం, జరపడం, బిగించడం. పది కదుర్లకొకసారి గేజిని తిప్పి సరిచూశాను. శుక్రవారం చేసిన పక్కంతా మళ్ళీ చేశాను, రెండో పక్క కూడా చేశాను.

మధ్యలో ఆమె తెచ్చిన అన్నం తిన్నాం. సోమశిల చేపల పులుసు, మామిడికాయ ముక్కలతో. మేము చేపకి చింతపండుతో సరిపెడతాం. ఇక్కడ మామిడికాయ లేకపోతే దాన్ని పులుసనే అనరు.

"నిన్నటి పులుసు అన్నా, అందుకే బాగుండాది. కాచినరోజు తినకూడదు దీన్ని" అంది. తర్వాత, ముక్క తీసుకుంటూ, "రేపు తెగితే ఏందన్నా?" అని అడిగింది.

"తెగదు."

"శుక్రవారం కూడా ఇట్నే అన్నావు."

"శుక్రవారం నేను చెప్పాను. ఇవాళ గేజి చెప్తోంది."

ఆమె కంచం కడగడానికి లేచింది.

సోమవారం ఎనిమిదింటికి ఫ్రేము వేశారు. తొమ్మిదికి లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. ఇద్దరు మనుషులు గ్యాస్ కటింగ్ సామాను దించి, చెట్టు నీడన కూర్చుని బీడీలు ముట్టించారు. మాధవరావు కాగితం, గడియారం పట్టుకుని వరస మధ్య నిలబడ్డాడు. నేను బుడగలు చూస్తున్నాను. గాజుతో చేసినట్టు, ఆ చివర దాకా ఒక్కటీ ఊగడం లేదు. తెగడం పూర్తిగా ఆగదు, ఏ ఫ్రేము మీదా ఆగదు. అక్కడొకటి, ఇక్కడొకటి. రూతమ్మ నడిచి వెళ్ళి అతికి, నడిచి వస్తోంది.

పన్నెండుకి శెట్టిగారు వచ్చారు. మాధవరావు కాగితం చూపించబోయాడు. ఆయన దాన్ని పట్టించుకోకుండా రూతమ్మనే అడిగారు. ఆమె సంచి విప్పి ఆయన ముందు పెట్టింది. అడుగున పిడికెడు దూది కూడా లేదు. ఆయన గేటు దాకా వెళ్ళి లారీ వాళ్ళతో మాట్లాడారు. వాళ్ళు ఏదో గొణుక్కుంటూ సామాను ఎక్కించుకున్నారు.

లారీ కదిలాక మాధవరావు నా దగ్గరికి వచ్చాడు. "బానే ఉంది. మిగతా ఫ్రేములు కూడా చేసెయ్యి" అన్నాడు, అన్నీ తను చెప్పి చేయించినట్టు.

"చేస్తాను. దానికి ముందు ఒక మాట ఉంది. పదకొండేళ్ళ కిందట షిఫ్టు ముందర నన్ను ఏమన్నావో, అది తప్పని ఇప్పుడు ఈ షిఫ్టు ముందర చెప్పు. చెప్పాకే స్పానర్ పడతాను."

ఆయన ముఖం ఎర్రబడింది. చుట్టుపక్కల ఫ్రేముల మీది ఆడవాళ్ళు పని చేస్తూనే ఇటు చెవులు పెట్టారు. ఈ మాట అడగడానికి నేను పదకొండేళ్ళు ఆగాను, ఇంకో పదకొండేళ్ళు నిలబడమన్నా అక్కడే నిలబడేవాణ్ణి.

రూతమ్మ తెగిన పోగు ఒకటి అతికి, చేతులు తుడుచుకుంటూ మా మధ్యకి వచ్చింది.

"ఆ మాట తర్వాత చెప్పించుకో అన్నా. సార్ ఏడికి పోతాడు, ఈడే ఉంటాడు. రెండో ఫ్రేము మీద కూడా నూలు తెగతా ఉండాది. దాన్ని కొనేదానికి ఇంకో లారీ వస్తే, అప్పుడు ఆ ఫ్రేము మీది ముగ్గురు ఆడోళ్ళకి ఏం చెప్తావు?"

మాధవరావు గడియారం చూసుకుంటున్నాడు. నేను అడిగింది వదులుకోలేదు, తర్వాతికి పెట్టుకున్నాను. గేజినీ స్పానర్‌నీ తీసుకుని రెండో ఫ్రేము దగ్గరికి నడిచి, ఫ్రేము ఆపించి, మొదటి కదురు మీద గేజి పెట్టి తిప్పాను. కొస కదల్లేదు. కొక్కెం మాత్రం రెండు వెంట్రుకల వాసి కుడికి ఉంది.